నేల మీద పెట్టిన పలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా అన్నం వద్దంటే పెద్ద గొడవే. మా తాతయ్య వచ్చి నుదురు తాకి చూసేవాడు, నాలుక చాపమనేవాడు, కనురెప్ప కిందికి లాగి చూసేవాడు. మనుషులనీ పశువులనీ ఆయన ఒకేలా చూసేవాడు. ఆయన పని అలాంటిది మరి. ఓడ దిగి వచ్చిన బక్క ఎద్దులని కొట్టంలో కట్టి, రెండు మూడు నెలలు మేపి, కండ పట్టించి, కసాయి సాయిబుకి అప్పగించేవాడు. ఎక్కడో కాదు, ఈ సింగపూర్‌లోనే.

మా ఆంగ్ మో కియో పేట ఫ్లాట్‌లో వెనక గది అద్దెకు తీసుకున్న కంప్యూటర్ అమ్మాయికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. ఇప్పుడు ఏ బ్లాకులో చూసినా ఈ కంప్యూటర్ పిల్లలే కదా. హైదరాబాదులో విమానం ఎక్కడం, ఇక్కడ దిగడం, మర్నాడే మెడలో కార్డు వేసుకుని ట్రైనెక్కడం. "సింగపూర్‌లో ఎద్దులేంటి ఆంటీ, జోక్ చేస్తున్నారా?" అంది. నాది అసలే మంచి నోరు కాదు. "నువ్వు పుట్టకముందు కూడా ఈ ఊరు ఉందే తల్లీ" అన్నాను. ఆ పిల్ల నవ్వేసింది గానీ నాకు నవ్వు రాలేదు. ఎద్దుల మాట ఎత్తితే నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

సెరంగూన్ రోడ్డు వెనక, కాలువ గట్టున మా కొట్టం ఉండేది. తాటాకు కప్పు, ఆరు గుంజలు, ఆరు కుడితి తొట్లు. పక్కనే మా రెండు గదుల చెక్క ఇల్లు. నాన్న హార్బరులో పనికి పోయేవాడు. అమ్మ నా అయిదో ఏటే పోయింది. నన్ను పెంచింది తాతయ్యా నానమ్మే. ఎద్దులు మావి కావు. ఓడలో వాటిని తెప్పించే వ్యాపారి ఒకాయన ఉండేవాడు, ఆయనవి. మేపడం ఒక్కటే మా తాతయ్యది.

ఓడ దిగిన ఎద్దుని మీరు చూసి ఉండరు. సముద్రం మీద రోజుల తరబడి నిలబడి నిలబడి, వెన్నుపూస ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా వస్తాయి. డొక్కలు లోపలికి పోయి, తుంటి ఎముకలు బయటికి పొడుచుకుని, తోకతో ఈగలు తోలుకునే ఓపిక కూడా లేకుండా. మొదటిసారి చూసినప్పుడు నేను పరిగెత్తుకెళ్ళి బుట్టెడు తవుడు తెచ్చాను. తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "ఓడ దిగినోడికి విందు బోజనం ఎడతారేటే గుంటా? పేగు నలిగిపోయుంటాది. ముందు నీరు. తరవాత గడ్డి. ఆ తరవాత గుప్పెడు తవుడు" అన్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు మాట. ముప్పయ్యేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా ఆ యాస పోలేదు.

ఆ పాళ్ళలోనే ఉంది ఆయన పనితనమంతా. మొదటి వారం ఉప్పు వేసిన నీళ్ళు, కాలువ గట్టు పచ్చగడ్డి. రెండో వారం గుప్పెడు తవుడు, మర్నాడు రెండు గుప్పెళ్ళు. ఆ తర్వాత నూనె తీశాక గానుగలో మిగిలిన కొబ్బరి చెక్క తెచ్చి నానబెట్టి, పక్క వీధిలో టోఫు చేసే చీనా ఆయన పారేసే సోయా పిప్పి కలిపి పెట్టేవాడు. అనాస డబ్బాల ఫ్యాక్టరీ వాళ్ళు తొక్కలు వదిలిన రోజు వాటికి పండగే. ఏ తొట్టిలో ఎంత వెయ్యాలో ఏ రోజుకారోజు ఎద్దు మొహం చూసి చెప్పేవాడు. ఒక్క గుప్పెడు ఎక్కువైనా ఒప్పుకునేవాడు కాదు. పేరు పెట్టడం కూడా ఒప్పుకునేవాడు కాదు. మొదటి గుంజది, రెండో గుంజది, అంతే.

వారానికోసారి కసాయి సాయిబు వచ్చి చూసేవాడు. తెల్ల టోపీ, మెత్తని మాట, శుభ్రమైన చేతులు. తోక మొదట్లో వేళ్ళు పెట్టి నొక్కేవాడు. చివరి పక్కటెముకల మీద అరచెయ్యి నెమ్మదిగా రాసేవాడు. చేతికి ఎముక తగిలితే "బెలుమ్" అనేవాడు. మలయ్ మాట, ఇంకా కాలేదని. ఎముక దొరక్క చెయ్యి మెత్తగా జారిపోతే "బోలే" అనేవాడు. సరే, ఇక తీసుకెళ్ళొచ్చని. బోలే అన్న ఎద్దు మర్నాడు పొద్దున్న వెళ్ళిపోయేది.

వెళ్ళే రోజు తాతయ్య ఎద్దుని కాలువలో కడిగి, కొమ్ములకు కాస్త నూనె రాసి, బెల్లం ముక్క పెట్టి, వాకిట్లోకి తీసుకొచ్చేవాడు. సాయిబు ఎదురుగా నిలబడి ఉండేవాడు. తాతయ్య పలుపు ఆయన చేతికిచ్చేవాడు కాదు. వంగి నేల మీద పెట్టేవాడు. రెండడుగులు వెనక్కి వేసేవాడు. అప్పుడు సాయిబు వంగి తీసుకునేవాడు. ఆయన ఒక్కనాడూ అదేమిటని అడగలేదు. నేనడిగాను. "సేతికిస్తే నానిచ్చినట్టు. నానివ్వను. దించుతాను, అంతే" అన్నాడు తాతయ్య. నాకేమీ అర్థం కాలేదు.

మా తెలుగువాళ్ళకి ఆయన పని నచ్చేది కాదు. గుడికి వెళితే ప్రసాదం అందరికీ చేతిలో పెట్టి, ఆయనకి మాత్రం ఆకులో వేసి అరుగు మీద పెట్టేవారు. ఆయన వంగి తీసుకునేవాడు. కళ్ళకద్దుకుని తినేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఇంట్లో ఎవరమూ ఆ మాంసం ముట్టం, అయినా ఆ మాటలు పడేవాళ్ళం. ఒకసారి నేను నా ప్రసాదం కింద పారేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక అన్నం పారేసినందుకు తాతయ్య నన్ను తిట్టాడు గానీ వాళ్ళనేమీ అనలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నానమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. సాయంత్రం కుడితి పెట్టే పని నా మీద పడింది. తాతయ్య ఏ ఎద్దు వాటా ఆ ఎద్దు బాల్చీలో కలిపి వరసగా పెట్టి గడ్డికి వెళ్ళేవాడు. బడి నుంచి వచ్చి వాటిని తొట్లలో పోయడమే నా పని. ఆ నెలలో వచ్చిన ఓడలో దిగిందే మూడో గుంజది. బాలి దీవి కోడె. ఇటుక రంగు ఒళ్ళు, మోకాళ్ళ కింద నాలుగు కాళ్ళూ తెల్లగా. మా బడిలో దొరసాని టీచరు తెల్ల మేజోళ్ళు వేసుకుని వచ్చేది, అచ్చం అలా ఉండేది. మనసులోనే దానికి మేజోడు అని పేరు పెట్టేశాను. పేరు పెట్టాక ఇంకేముంది, అయిపోయింది నా పని.

వాడికి నేనంటే ఇష్టమో, నా చేతి తవుడంటే ఇష్టమో, ఆ వయసులో ఆ తేడా నాకు తెలియదు. నా అడుగు వినబడగానే చెవులు ముందుకు పెట్టేవాడు. గరుకు నాలికతో మోచేతి దాకా నాకేవాడు. అమ్మ లేని పిల్లని. నాకోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఉండడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. బడిలో కూర్చున్నా మనసు మూడో గుంజ దగ్గరే ఉండేది.

ఒకరోజు సాయిబు ఒకటో గుంజ దాన్ని నొక్కి బోలే అన్నాడు. మేజోడి దగ్గరికొచ్చి చెయ్యి రాసి బెలుమ్ అన్నాడు. ఎన్నోసార్లు విన్న మాటలే. కానీ ఆ రోజు నా బుర్రలో ఏదో వెలిగింది. లావెక్కిన వాడే వెళతాడు. బక్కగా ఉన్న వాడు ఉంటాడు. అంటే మేజోడు లావెక్కకపోతే చాలు! ఇంత చిన్న సంగతి ఇంతమంది పెద్దవాళ్ళకి తోచలేదేమిటా అని నేను గర్వపడ్డాను కూడా. ఛీ, ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు సాయంత్రం నుంచి మేజోడి బాల్చీ తీసుకెళ్ళి నాలుగో గుంజ నల్లదాని తొట్టిలో పోసేసేదాన్ని. అది తిండిపోతు, ఎంత పోసినా తినేసేది. మేజోడి తొట్టి గోడలకి మాత్రం కాస్త తవుడు పులిమేదాన్ని, తిన్నట్టు కనబడాలని. పొద్దున తాతయ్య వేసే పచ్చగడ్డి ఒక్కటే వాడికి. మొదటిరోజు వాడు తొట్టిలో మూతి పెట్టి, తీసి, నా వైపు చూశాడు. మళ్ళీ పెట్టి, మళ్ళీ చూశాడు. నేను మెడ కావలించుకుని చెవిలో చెప్పాను, "ఓర్చుకోరా. నీ మంచికే" అని.

మూడు వారాలు ఓర్చుకున్నాడు. ఓర్చుకోక ఏం చేస్తాడు, కట్టేసి ఉన్నవాడు! పక్క తొట్టిలో నల్లది చప్పుడు చేస్తూ తింటుంటే వాడు పలుపు చివరి దాకా లాక్కుని మెడ చాచేవాడు. అందేది కాదు. తొట్టి చెక్కని నాకి నాకి నాలిక పుండు చేసుకున్నాడు. పలుపు నమిలి పీచు పీచు చేశాడు. నా చేతులు ఇదివరకటిలా నాకడం లేదు, పళ్ళతో పట్టుకుంటున్నాడు. సాయిబు వచ్చి బెలుమ్ అన్నప్పుడల్లా నేను ఇంటి వెనక్కి పరిగెత్తి గంతులు వేసేదాన్ని.

తాతయ్యకి అంతు పట్టలేదు. పళ్ళు చూశాడు, పేడ చూశాడు, కడుపులో పురుగులు ఉన్నాయేమోనని వేపాకు నూరి చేదు కషాయం చేశాడు. వెదురు గొట్టంతో పోయాలి. మూతి పట్టుకోమని నన్ను పిలిచాడు. పశువు నోరు తెరిపించడం ఎంత కష్టమో మాకు తెలుసు, ఇద్దరం నడుం బిగించి వెళ్ళాం. కానీ గొట్టం కనబడగానే మేజోడు తనంతట తనే నోరు తెరిచాడు. ఏదో ఒకటి పెడుతున్నారు కదా అని. ఆ చేదంతా గటగటా తాగేశాడు. తాగి, గొట్టం నాకాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా నోరు విప్పలేదు. చెబితే వాడు లావెక్కుతాడు, లావెక్కితే పోతాడు. నా లెక్క నాది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి కొట్టంలో కేకలు వినబడుతున్నాయి. నల్లది ఎడమ డొక్క ఉబ్బి మద్దెలలా బిగిసిపోయి, కాళ్ళు ఎడం పెట్టి నిలబడి, నోరు తెరిచి ఊపిరి కోసం ఎగపోస్తోంది. ముందురోజు టోఫు ఆయన దగ్గర నుంచి పులిసిన పిప్పి ఎక్కువ వచ్చింది. నేను ఎప్పటిలాగే రెండు బాల్చీలూ దానికే పోశాను. తాతయ్య కొబ్బరినూనె పట్టించాడు, డొక్క రుద్దాడు, ఎత్తు మీద ముందుకాళ్ళు పెట్టించి నిలబెట్టాడు, నడిపించాడు. ఇంటి పక్క మలయ్ వాళ్ళు కూడా వచ్చి పట్టుకున్నారు. ఎండ తగ్గేలోపే అది మోకాళ్ళ మీద కూలి పక్కకి వాలిపోయింది. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. తిండిపోతని రోజూ తిట్టేదాన్ని కదా దాన్ని.

తాతయ్య చాలాసేపు దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి దాని తొట్టి చూశాడు. అడుగున ఇంకా పిప్పి ఉంది, ఒక ఎద్దు వాటా కంటే ఎక్కువ. పక్కకి జరిగి మేజోడి తొట్టి చూశాడు. గోడలకి నా వేళ్ళ ముద్రలతో తవుడు ఎండిపోయి ఉంది. మేజోడు ఆయన చెయ్యి వాసన చూసి, వేళ్ళన్నీ నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళయినాది?" అన్నాడు. మూడు వారాలన్నాను. "ఎందుకు?" అన్నాడు. "బెలుమ్ అంటాడని" అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. బోర్లించిన బాల్చీ మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మా తాతయ్య ఏడవడం నేను చూడడం అదొక్కసారే. వ్యాపారి వచ్చి అడిగితే మాత్రం, పాళ్ళు తప్పాను, తప్పు నాదే అని చెప్పాడు. నా పేరు రానివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను మూడో గుంజ దగ్గరికి తీసుకెళ్ళాడు. నా అరచెయ్యి పట్టుకుని మేజోడి పక్కటెముకల మీద పెట్టించాడు. ఒక్కొక్క ఎముకా లెక్కపెట్టమన్నాడు. పెట్టాను. ఓడ దిగిన రోజు కంటే బాగా తెలుస్తున్నాయి. అప్పుడు తన సంగతి చెప్పాడు. అంతకుముందు ఎవరికీ చెప్పలేదట, నానమ్మకి తప్ప.

ఊళ్ళో ఆయనకొక ఎద్దుల జత ఉండేదట. సొంత జత. వానలు లేని ఒక ఏడాది ఊరంతా గొడ్లని తోలుకుపోయే వాళ్ళకి అప్పగించేశారు. తాతయ్య మాత్రం కసాయివాడి పాలు చెయ్యనని మొండికేశాడు. మేత అయిపోతే తన ఇంటి కప్పు మీది గడ్డి పీకి పెట్టాడు. ఇంటి మీద ఆకాశం మిగిలింది. ఆ గడ్డీ అయిపోయింది. "రోజూ కొట్టంలోకెల్తే నన్ను సూసి లేవబోయీవి. ఏటో తెచ్చేనని. నా సేతుల్లో ఏటీ లేదే గుంటా. ఒట్టి సేతులు సూపించీవోణ్ణి" అన్నాడు. ముందు ఒకటి, నాలుగు రోజులకి రెండోది, కట్టిన చోటే పోయాయట. ఆ తర్వాత ఆయన ఆ ఊళ్ళో ఉండలేక ఓడెక్కేశాడు. "పేనం కాపాడతన్నాననుకున్నాను. ఆకలి పెంచేను, అంతే."

మరి వీడిని మనమే ఉంచేసుకోవచ్చు కదా అన్నాను. గొడ్లు నావి కావు, మేతే నాది అన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే గడ్డం పట్టుకుని నా మొహం పైకెత్తి చెప్పిన మాట ఇది. "సావాపడం నా సేతుల్లో లేదే తల్లీ. ఆకలాపడం ఉంది. అదొక్కటే ఉంది. అది కూడా సెయ్యకపోతే మరి నానెందుకు?" చాలా ఏళ్ళ తర్వాత నానమ్మ చెప్పింది, ఆ వారమే ఆయన వ్యాపారి దగ్గరికెళ్ళి ఆ ఒక్క ఎద్దునీ వదిలెయ్యమని బతిమాలుకున్నాడని. వ్యాపారి నవ్వి పంపేశాడట.

ఆ రోజు నుంచి మేజోడి మేత మొత్తం నా చేతికే ఇచ్చాడు. కొత్తగా ఓడ దిగిన వాడికిలాగే మొదలుపెట్టమన్నాడు. ఉప్పు నీళ్ళు. గడ్డి. నా చిన్న గుప్పెటతో ఒక గుప్పెడు తవుడు. వాడు ఒక్క నాకుడుకి తినేసి నా వైపు చూశాడు, నేను చూపు తిప్పుకోలేదు. రోజుకొక గుప్పెడు పెంచుకుంటూ వెళ్ళాను. నాలిక పుండు మానింది. నెల తిరిగేసరికి ఒంటికి మెరుపొచ్చింది, తోకతో ఈగలు తోలడం మొదలెట్టాడు. మళ్ళీ నా మోచెయ్యి నాకుతున్నాడు, పళ్ళు పెట్టడం లేదు. కడుపు నిండాక వాడు కళ్ళు సగం మూసుకుని నెమరేస్తుంటే పక్కన కూర్చుని బడి పాఠాలు చదువుకునేదాన్ని. ఎందుకు మేపుతున్నానో తెలుసు. తెలిసీ సంతోషంగా ఉండేది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయో అడగకండి, నాకు తెలియదు.

ఒకనాడు సాయిబు తోక మొదలు నొక్కాడు. పక్కన అరచెయ్యి రాశాడు. చెయ్యి జారిపోయింది. నా మొహం చూశాడు, తాతయ్య మొహం చూశాడు, తల దించుకుని మెల్లిగా బోలే అన్నాడు.

మర్నాడు వాడిని నేనే కడిగాను. తెల్ల కాళ్ళు రుద్ది రుద్ది కడిగాను, మేజోళ్ళు మాసిపోకూడదని. కొమ్ములకు నూనె రాశాను. పలుపు నేను పట్టుకుంటానంటే తాతయ్య కాదనలేదు. వాకిట్లో సాయిబు నిలబడి ఉన్నాడు. కొట్టం నుంచి అక్కడికి పట్టుమని ఇరవై అడుగులు కూడా లేవు. నా జన్మలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. వంగి పలుపు నేల మీద పెట్టాను. వేళ్ళు విప్పుకోవడానికి మాత్రం టైము పట్టింది. తాతయ్య నన్ను తొందరపెట్టలేదు. సాయిబూ పెట్టలేదు. రెండడుగులు వెనక్కి వేశాక ఆయన వంగి తీసుకున్నాడు. రోడ్డు మలుపు దగ్గర మేజోడు ఒకసారి మెడ తిప్పి నా వైపు చూశాడు. నా చేతిలో ఇంకో బెల్లం ముక్క ఉంది, అది పెట్టడం మరిచిపోయాను. దాని కోసమే చూసి ఉంటాడు. అయినా చూశాడు.

ఆ కొట్టం పోయింది, కాలువకి సిమెంటు వేశారు, తాతయ్యా నానమ్మా పోయారు. మాకు ఫ్లాట్ వచ్చింది. పెళ్ళయింది, పిల్లలు లేరు, ఒకరికొకరం అన్నట్టు ఏళ్ళు గడిచిపోయాయి. ఆ పాఠం నా ఒంట్లో ఇంకిపోయిందనే అనుకున్నాను.

పోయిన ఏడు మా ఆయనకి కడుపులో జబ్బు ముదిరిందని తెలిసింది. డాక్టరమ్మ మంచిది. నా చెయ్యి పట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళండి ఆంటీ, ఆయనకి ఏది ఇష్టమైతే అది పెట్టండి అంది. ఆ మాటకి అర్థం తెలియనంత చిన్నపిల్లని కాను. కానీ తెలుసుకోదలుచుకోలేదు. అద్దెకున్న ఆ కంప్యూటర్ అమ్మాయి, పాపం, తన ఆఫీసులో ఇంటర్నెట్‌లో వెతికి, ఏం తింటే ఈ జబ్బు తగ్గుతుందో, ఏం తినకూడదో కాగితాలు తీసి తెచ్చేది. కట్టలు కట్టలు. అన్నం వద్దు, ఉప్పు వద్దు, తీపి వద్దు, నూనె వద్దు. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ కాగితాలని దేవుడి పటంలా గోడకి అంటించుకున్నది నేను. చప్పటి జావ, ఉడికించిన ఆకులు. ఆయన కంచం వైపు చూసి, నా వైపు చూసేవాడు. "ఒక్క ముద్ద పెట్టవే" అనేవాడు. ఓర్చుకోండి, మీ మంచికే అనేదాన్ని. అచ్చం అవే మాటలు. నాకు గుర్తు రాలేదు చూడండి! ఇరవై రోజులు గుర్తు రాలేదు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి ఆఫీసు నుంచి వస్తే, ఉత్త కాఫీ మీద బతుకుతోందని కేకలేసి, ముద్దపప్పూ ఆవకాయా కలుపుతున్నాను. మంచం హాల్లోనే వేశాం. ఆ పిల్ల నా మోచెయ్యి తట్టి, "ఆంటీ, అంకుల్ చూస్తున్నారు" అంది. ఊరుకోమన్నాను. నీళ్ళు తాగించడానికి దగ్గరికెళితే ఆయన గ్లాసు పట్టుకోలేదు, అన్నం కలిపిన నా చెయ్యి పట్టుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. తవుడు వాసన ఇంకా పోలేదేమోనని ఆ చెయ్యి కొళాయి కింద ఎన్నిసార్లు కడుక్కున్నానో జీవితంలో. నా వేళ్ళకి మేజోడి పక్కటెముకలన్నీ ఒక్కసారి తగిలినట్టయింది. "అయ్యో, నేనేం చేశానే!" అని గట్టిగా అరిచేశాను. పాపం ఆ అమ్మాయి బెదిరిపోయింది.

ఆ కాగితాలన్నీ పీకేశాను. నెయ్యి వేసి, ఎర్రగా కలిపి, వేలెడంత ముద్దలు చేసి పెట్టాను. మూడు తిన్నాడు. మూడో దాని తర్వాత కళ్ళు సగం మూసుకుని, "చాలే" అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. ఆ తర్వాత ఆయనకి పదకొండు రోజులే ఉన్నాయి. తేగలు అడిగాడు, ఇక్కడెక్కడ దొరుకుతాయి? ఆ పిల్ల ఎవర్నో పట్టుకుని హైదరాబాదు నుంచి తెప్పించింది. నమల్లేకపోయాడు, వాసన చూసి నవ్వాడు. బజ్జీ, కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్టు, గులాబ్‌జామ్, హాకర్ సెంటర్ తిండి కొట్లలో ఆయన కుర్రతనం నుంచీ తినే చీనా నూడిల్స్, ఏదడిగితే అది. రెండేసి చెంచాలే. అడిగినవి మాత్రం అన్నీ పెట్టాను.

ఆయన పోయాక, తీసుకెళ్ళడానికి మనుషులొచ్చినప్పుడు ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. వాళ్ళలో ఒకతను ఆ చెయ్యి అందుకోవడానికి తన చెయ్యి చాచాడు. నేనివ్వలేదు. వంగి, మెల్లిగా దుప్పటి మీద దించాను. వేళ్ళు విప్పుకోవడానికి టైము పట్టింది. రెండడుగులు వెనక్కి వేశాను. అప్పుడర్థమైంది మా తాతయ్య చెప్పింది.

ఇప్పటికీ ఆ అమ్మాయి ఆకలి లేదంటే నుదురు తాకి చూస్తాను, నాలుక చాపమంటాను. విసుక్కుంటుంది, చాపుతుంది. అన్నం కలిపాక చెయ్యి కడుక్కోబోతే మాత్రం కొళాయి దగ్గర కాసేపు ఆగిపోతాను. పదకొండు రోజులు అడిగిందల్లా పెట్టానని మనసుకి ఎంత చెప్పుకున్నా, అది వినదు. ఆ ఇరవై రోజులు ఆయన నా వైపు చూసిన చూపు దగ్గరే కూర్చుంటుంది.